ఆమ్ల క్షారముల బలాబలములు – గ్రామ పంచాయతీల కర్తవ్యము



గ్రామ పంచాయతీకి రసాయన శాస్త్రముతో ఏమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. బాటలు, వీధి దీపములు, మురుగు కాలువలు, పన్నుల వసూలు పంచాయతీ పనులు గాని, ఆమ్లములు, క్షారములు బడిపిల్లలు చదువుకొను పాఠములు గదా యని అనుకొనుట సహజమే. అయినను ఒక్క మాట ఆలోచింపుడు. మీ ఊరి నీళ్ల ట్యాంకులో బ్లీచింగు పొడి వేయించువారు మీరే. మరుగుదొడ్లు కడుగుటకు యాసిడ్ సీసాలు కొనుటకు తీర్మానము వ్రాయువారు మీరే. బోరు నీరు త్రాగదగినదా కాదా యని ప్రజలు వచ్చి అడుగునది మిమ్ములనే. చవుడు తేలిన మడికి ఏమి చేయవలెనని రైతు మొరపెట్టుకొనునది మీ ముందరనే.

ఈ పనులన్నిటి వెనుకను ఒకే ప్రశ్న దాగియున్నది. ఒక ఆమ్లము బలమైనదై, మరియొక ఆమ్లము బలహీనమైనదై యుండుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు జవాబు తెలిసినచో బ్లీచింగు పొడి ఎప్పుడు పనిచేయునో, ఎప్పుడు పనిచేయదో, ఎప్పుడు ప్రాణము తీయునో తెలియును. కావున ఈ విషయమును మీతో ముచ్చటించుటకు పూనుకొనుచున్నాము.

మన యింటిలోని ఆమ్ల క్షారములు

చింతపండు, నిమ్మకాయ, పుల్లని పెరుగు, ప్రొద్దెక్కిన తరువాతి కల్లు – ఇవి అన్నియు ఆమ్లములు గలవి. ఆకువక్కతో వేసికొను సున్నము, పాత్రలు తోము బూడిద, బట్టలుతుకు చవుడు మన్ను – ఇవి క్షారములు గలవి. గీత కార్మికులు నీరా కొరకు కట్టు కుండలకు లోపల సున్నము పూయుదురు. సున్నము అక్కడ పులియుటను అడ్డగించి, రసమును తియ్యగా నిలుపును. ఆమ్లమునకు క్షారము విరోధి యను సంగతి మన పెద్దలు శాస్త్రము చదువకయే ఎరుగుదురు.

ఉమ్మడి కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు 2016 అక్టోబరు 11న పునర్విభజన పొంది, వాని ప్రాంతములో కరీంనగరు, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాదు జిల్లాలు వెలసినవి. ఈ ప్రాంతమున ఆమ్ల క్షారములతో పెద్ద పరిశ్రమలు నడచుచున్నవి. కాగజ్‌నగరములో నిజాము కాలమున స్థాపితమై, 2014లో మూతబడి, 2018లో మరల తెరువబడిన కాగితపు మిల్లు కలదు. కఱ్ఱను ఉడికించి గుజ్జు చేయుటకు అట్టి మిల్లులలో వాడునది కాస్టిక్ సోడా. అది ప్రబల క్షారము. రామగుండములో 1999లో మూతబడిన ఎరువుల కర్మాగారపు స్థలమున నెలకొల్పిన క్రొత్త కర్మాగారము 2021 మార్చి 22న వాణిజ్యోత్పత్తి ప్రారంభించినది. దాని యూరియా సామర్థ్యము సంవత్సరమునకు 12.7 లక్షల టన్నులు. ఆ యూరియాకు మూలమైన అమ్మోనియా బలహీన క్షారము. రెండును క్షారములే, కాని రెంటి స్వభావమునకు ఎంతో భేదము కలదు.

ఆమ్లమనగా నేమి?

తెలుగులో ఆక్సిజనుకు ఆమ్లజని యను పేరు కలదు. ఆమ్లమును పుట్టించునది అని దాని అర్థము. పదునెనిమిదవ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త లావోయిజియే, అన్ని ఆమ్లములకును మూలము ఈ వాయువే యని తలచి యట్టి పేరు పెట్టెను. కాని 1810లో ఇంగ్లండు దేశపు శాస్త్రవేత్త డేవీ, హైడ్రోక్లోరిక్ ఆమ్లములో ఆమ్లజని లేశమైనను లేదని నిరూపించెను. పేరు నిలిచినది గాని వాదము నిలువలేదు. ఆమ్లమునకు నిజమైన మూలము ఉదజని, అనగా హైడ్రోజను.

స్వీడను దేశపు యువకుడు స్వాంటే అర్హీనియస్ 1884లో ఉప్సాలా విశ్వవిద్యాలయమునకు ఒక పరిశోధనా వ్యాసమును సమర్పించెను. నీటిలో కరగిన లవణములు, ఆమ్లములు విద్యుదావేశము గల తునకలుగా విడిపోవునని అతడు చెప్పెను. ఆ తునకలకే అయానులని పేరు. పరీక్షకులు ఆ వ్యాసమునకు తక్కువ శ్రేణి నిచ్చిరి. ఆ సిద్ధాంతమునకే 1903లో అతనికి నోబెల్ బహుమానము లభించినది.

1923లో డెన్మార్కులో బ్రాన్‌స్టెడ్, ఇంగ్లండులో లౌరీ అనువారు వేరువేరుగా ఈ విషయమును మరింత తేటపరచిరి. ఉదజని అయానును ఇచ్చునది ఆమ్లము. దానిని పుచ్చుకొనునది క్షారము. ఇంతకు మించి చిక్కు లేదు. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఉన్నప్పుడే దానము జరుగును గదా!

బలము వేరు, గాఢత వేరు

ఇక్కడ ఒక పొరపాటును ముందుగా తొలగించుకొనవలెను. చిక్కని ఆమ్లమంతయు బలమైనదనియు, పలుచనిది బలహీనమైనదనియు చాలమంది తలచెదరు. అది నిజము కాదు. బిందెడు నీటిలో ఎంత ఆమ్లము కలిపితిమో తెలుపునది గాఢత. కలిపిన ఆమ్లములో ఎంత భాగము తన ఉదజనిని విడిచిపెట్టునో తెలుపునది బలము. హైడ్రోక్లోరిక్ ఆమ్లమును నీటిలో కలిపినచో దాని అణువులు దాదాపు అన్నియు ఉదజనిని విడిచిపెట్టును. సిర్కాలోని ఎసిటిక్ ఆమ్లమును ఒక మోస్తరు పలుచని ద్రావణముగా కలిపినచో, నూరు అణువులలో ఇంచుమించు ఒక్కటియే ఉదజనిని విడుచును. తక్కిన తొంబది తొమ్మిదియు పిడికిలి బిగించి యుండును.

అయితే పిడికిలి బిగించినవి ఎన్నటికిని ఈయవా? ఇచ్చును. సున్నము వంటి క్షారము వచ్చి విడిపోయిన ఉదజనిని తీసికొనిపోయిన కొలదిని, మిగిలిన అణువులు ఒకదాని వెనుక నొకటి తమ ఉదజనిని విడుచుచుండును. ప్రబలామ్లము ఉన్నదంతయు ఒక్కనాడే ఖర్చు చేయువాని వంటిది. బలహీనామ్లము గాదెలో ధాన్యము దాచుకొని, అవసరమును బట్టి కొలిచి యిచ్చువాని వంటిది. ఈ గాదె సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. త్రాగునీటి విషయమున ఇది మరల వచ్చును.

బలాబలములకు కారణములు

కారణములు ముఖ్యముగా రెండు. మొదటిది, ఉదజనిని పట్టుకొన్న పట్టు ఎంత గట్టిది యనునది. ఫ్లోరిను, క్లోరిను ఒకే కుటుంబమునకు చెందిన మూలకములు. ఫ్లోరిను పరమాణువు చాల చిన్నది. ఉదజనిని దగ్గరగా లాగుకొని గట్టిగా పట్టుకొనును. క్లోరిను పరమాణువు పెద్దది. దాని పట్టు వదులు. అందువలన హైడ్రోక్లోరిక్ ఆమ్లము ప్రబలము. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము బలహీనము.

రెండవది, ఉదజని పోయిన తరువాత మిగిలిన భాగము తనపై పడిన ఋణావేశమును ఎంత సుఖముగా మోయగలదు అనునది. గడ్డిమోపు ఒక్కని తలపైన పడినచో అతడు దానిని దింపుకొనుటకే చూచును. అదే బరువును నలుగురు పంచుకొన్నచో హాయిగా నడచిపోవుదురు. క్లోరినుకు ఒక్క ఆమ్లజని తోడైన హైపోక్లోరస్ ఆమ్లము మిక్కిలి బలహీనము. అదే క్లోరినుకు నాలుగు ఆమ్లజనులు తోడైన పెర్‌క్లోరిక్ ఆమ్లము, మనకు తెలిసిన మిక్కిలి ప్రబలమైన ఆమ్లములలో ఒకటి. మూలకము మారలేదు, బరువు పంచుకొనువారి సంఖ్య మారినది. గంధకికామ్లము, నత్రికామ్లము ప్రబలములగుటకును ఇదియే కారణము.

క్షారముల విషయమున సూత్రము తలక్రిందులగును. ఉదజనిని పుచ్చుకొనుటకు ఎంత ఆత్రముండునో అంత బలము. కాస్టిక్ సోడా నీటిలో పూర్తిగా విడిపోయి, ఉదజనిని పుచ్చుకొను హైడ్రాక్సైడు అయానుల నన్నిటిని ఒక్కసారి విడుదల చేయును. అమ్మోనియా తానే నీటినుండి ఉదజనిని లాగుకొనవలెను. నూటికి ఇంచుమించు ఒక్క అణువే ఆ పనిలో కృతకృత్యమగును.

ఈ రెంటిని కలుపు సూత్రమొకటి కలదు. ఆమ్లము ఎంత బలహీనమైనదో, ఉదజనిని విడిచిన పిదప మిగిలినది అంత ఆత్రము గల క్షారమగును. హైడ్రోక్లోరిక్ ఆమ్లములో మిగిలిన క్లోరైడునకు ఉదజనిపై ఆశ లేదు. కావుననే వంటయుప్పు నీటిలో పులుపును లేదు, కారమును లేదు. బొగ్గుపులుసు గాలి నీటిలో కరగగా ఏర్పడు కార్బోనిక్ ఆమ్లము బలహీనము. కావున దాని శేషమైన కార్బొనేటు ఉదజని కొరకు వెదకుచుండును. నీటినుండియే లాగుకొని హైడ్రాక్సైడును మిగుల్చును. చవుడు మన్నులో నున్నది ఈ సోడియం కార్బొనేటే. బట్టల జిడ్డును అది వదలించుటకును, అదే మడిలో తేలినచో పైరు ఎదుగకపోవుటకును మూలము ఒక్కటే. అట్టి భూమికి జిప్సము చల్లి, మంచి నీరు కట్టి, ఆ నీటిని బయటికి తీయవలెను. జిప్సములోని కాల్షియము మట్టిని పట్టియున్న సోడియమును తప్పించి దాని స్థానమును పొందును. మురుగు పోవు దారి లేనిచో జిప్సము చల్లిన ఖర్చు వృథా యగును.

త్రాగునీరు – బ్లీచింగు పొడి

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదము. బ్లీచింగు పొడిని నీటిలో కలిపినప్పుడు క్రిములను చంపునది ముఖ్యముగా హైపోక్లోరస్ ఆమ్లము. అది బలహీనామ్లమని పైన చెప్పితిమి. ఆ బలహీనతయే మనకు మేలు. ఉదజనిని విడువని అణువునకు ఆవేశము లేదు. కావున అది క్రిమి యొక్క పొరను సులభముగా చొచ్చుకొని పోవును. ఉదజనిని విడిచినచో అది ఋణావేశము గల హైపోక్లోరైటు అగును. క్రిమి పైపొరకును ఋణావేశమే యుండుటచే దానికి లోపలికి దారి దొరకదు. దాని చంపు శక్తి ఎన్నో రెట్లు తక్కువ.

ఎంత భాగము ఏ రూపమున నుండునో నిర్ణయించునది నీటి పి.హెచ్. విలువ. ఈ కొలమానమును 1909లో డెన్మార్కు శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ప్రవేశపెట్టెను. 7 తటస్థము, అంతకు తక్కువ ఆమ్లము, ఎక్కువ క్షారము. ఒక్క అంకె మారినచో పది రెట్లు భేదము. పి.హెచ్. 7 గల నీటిలో వేసిన క్లోరినులో సుమారు నాలుగింట మూడు వంతులు చంపు శక్తి గల ఆమ్ల రూపమున నుండును. 7.5 వద్ద సగము. 8 వద్ద నాలుగింట ఒక వంతు. 8.5 వద్ద పదింట ఒక వంతునకు కూడ లోపే. త్రాగునీటి పి.హెచ్. 6.5 నుండి 8.5 వరకు ఉండవచ్చునని భారతీయ ప్రమాణము. అనగా రెండు గ్రామములును ప్రమాణమునకు లోబడియే యున్నను, ఒకే మోతాదు పొడి ఒక ఊరిలో త్వరగా పనిచేయును, వేరొక ఊరిలో మెల్లగా పనిచేయును.

అట్లయిన క్షారగుణము గల బోరు నీటికి పొడిని గుప్పిళ్లతో వేయవలెనా? వలదు. గాదె సంగతిని జ్ఞాపకము చేసికొనుడు. ఆమ్ల రూపము ఖర్చయిన కొలదిని హైపోక్లోరైటు మరల ఉదజనిని తీసికొని ఆమ్లముగా మారుచుండును. క్లోరిను ఎక్కడికిని పోలేదు. దానికి కాలము కావలెను. వేసిన వెంటనే కొళాయి విప్పుట పెద్ద పొరపాటు. మామూలుగా ఒక గంట ఆగవలెను, పి.హెచ్. 8 దాటిన నీటికి మరికొంత ఎక్కువ సేపు ఆగుట మంచిది.

మంచి రకపు పొడి 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాములు సాధారణముగా చాలును. 40,000 లీటర్ల ట్యాంకునకు 100 గ్రాములు. పొడిని నేరుగా ట్యాంకులో కుమ్మరింపరాదు. ప్లాస్టికు బకెట్టులో ముద్దగా కలిపి, నీరు పోసి, సున్నము అడుగునకు దిగిన తరువాత పై తేటను ట్యాంకులో పోయవలెను. గంట గడచిన పిదప ఊరి చివరి కొళాయి నీటిని పరీక్షించి, లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియున్నదా యని చూడవలెను. ట్యాంకు వద్ద పరీక్ష చాలదు. వ్యాధి వచ్చునది చివరి ఇంటికే గదా! చివరి కొళాయిలో ఏమియు మిగులనిచో నీరు మురికిదైనను కావలెను, గొట్టము పగిలినదైనను కావలెను, పొడి సత్తువ ఉడిగినదైనను కావలెను.

పొడి సత్తువ ఉడుగుట మన ప్రాంతమున తరచు జరుగును. రామగుండము, ఆదిలాబాదు ఎండలు మీకు క్రొత్త కాదు. తాజా పొడిలో నూటికి సుమారు 33 పాళ్లు క్లోరిను లభించును. వేడికి, తేమకు, వెలుతురునకు అది తరిగిపోవును. గాలిలోని బొగ్గుపులుసు గాలి కూడ దానికి శత్రువే. కార్బోనిక్ ఆమ్లము బలహీనమైనను, హైపోక్లోరస్ ఆమ్లము దానికంటెను బలహీనము. బలహీనుడైనను తనకంటె బలహీనుని గెంటివేయగలడు. కట్టువిప్పిన సంచిలో కార్బోనిక్ ఆమ్లము సున్నమును ఆక్రమించుకొని హైపోక్లోరస్ ఆమ్లమును వెళ్లగొట్టును. సంచిలో మిగులునది సుద్ద. చూపునకు తెల్లగానే యుండును గాని క్రిమి చావదు. కావున సంవత్సరమునకు సరిపడు పొడిని ఒక్కసారి కొని పంచాయతీ ఆఫీసు మూలను పడవేయుట పొదుపు కాదు. కొద్దికొద్దిగా కొని, మూత బిగిసిన ప్లాస్టికు డబ్బాలో, చీకటిగా చల్లగా నుండు చోట నుంచవలెను.

ప్రాణాపాయము – యాసిడ్, బ్లీచింగు కలయిక

మరుగుదొడ్డి కడుగు యాసిడ్ సీసాలలో సాధారణముగా నుండునది హైడ్రోక్లోరిక్ ఆమ్లము. అది ప్రబలము. తెలుపు త్వరగా వచ్చునను ఆశతో దానితోబాటు బ్లీచింగు పొడిని చల్లువారు కలరు. అప్పుడు ప్రబలామ్లము హైపోక్లోరైటు మీద పడి క్లోరిను వాయువును వెలువరించును. 1915 ఏప్రిల్ 22న బెల్జియములోని ఈప్ర్ యుద్ధభూమిలో సైనికుల మీదికి విడిచిన విషవాయువు ఇదియే. అది గాలికంటె బరువు. చిన్న గదిలో, గుంటలో, బావిలో క్రిందికి దిగి నిలిచియుండును. వంగి కడుగుచున్న మనిషి ముక్కునకే మొదట తగులును.

మన గ్రామములను శుభ్రముగ నుంచు కార్మికులు పేదవారు. వారికి ఈ సంగతి చెప్పువారు లేరు. చెప్పుట మన విధి. యాసిడ్, బ్లీచింగు పొడి ఒకే అలమరలో ఉంచరాదు. ఒకే రోజున ఒకే చోట వాడరాదు. పొరపాటున కలిసి ఘాటు వాసన వచ్చినచో కడిగివేయుటకు నిలువక, వెంటనే బయటి గాలిలోనికి రావలెను. ఆయాసము, దగ్గు కలిగినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఆమ్లమును పలుచన చేయవలసి వచ్చినప్పుడు నీటిలో ఆమ్లమును కొద్దికొద్దిగా పోయవలెను గాని ఆమ్లములో నీటిని పోయరాదు. ఒంటిమీద పడినచో ధారాళమైన నీటితో కనీసము 15, 20 నిమిషములు కడుగవలెను. నిమ్మరసము, సోడా పూయరాదు.

క్షారము కాల్చదను భ్రమ కూడ మంచిది కాదు. సున్నము నీటిలో కొంచెమే కరగును. కాని కరగినదంతయు విడిపోవును. కావున అది ప్రబల క్షారమే. పిల్లలు సున్నపు పొట్లములతో ఆడుకొనుచుండగా కంటిలో పడినచో చూపు పోవు ప్రమాదము కలదు. వెంటనే నీటితో కడుగుచు వైద్యుని చేర్చవలెను.

బలహీనమైనదెల్ల నిరపాయము కాదు

బలహీనామ్లమనగా సాధువని భ్రమపడరాదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము గాజును కరగించును. మన ప్రాంతపు కొన్ని బోర్లలో నున్న ఫ్లోరైడు ఆ ఆమ్లమునకు శేషమే. ఆ నీరు త్రాగినప్పుడు మన కడుపులోని ప్రబలమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లము దానికి ఉదజనిని అంటగట్టును. ఆవేశము పోయిన ఆ అణువు కడుపు పొరను సులభముగా దాటి రక్తములో కలియును. అక్కడినుండి పండ్లకు, ఎముకలకు చేరును. క్రిమిని చంపుటకు మనకు తోడ్పడిన సూత్రమే ఇక్కడ మనకు హాని చేయుచున్నది.

లీటరునకు 1 మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడు మంచిది; వేరు దారి లేనిచో 1.5 వరకు ప్రమాణము అనుమతించును. కాచుట వలన గాని, బ్లీచింగు పొడి వలన గాని ఫ్లోరైడు పోదు. పటిక, సున్నము వేసి తేర్చు నల్లగొండ పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థ రూపొందించినది. అందును పటిక నీటిని ఆమ్లము వైపు లాగగా, సున్నము దానిని సరిదిద్దును. అయినను అన్నిటికంటె సులభమైనది, నదీ జలమును శుద్ధిచేసి గొట్టముల ద్వారా అందించు నీటిని త్రాగుటకు వాడి, ఫ్లోరైడు గల బోరు నీటిని ఇతర పనులకు మళ్లించుట.

పొలములో ఒక్క మాట

యూరియా నేలలో కరగి అమ్మోనియాను ఇచ్చును. ఆ బలహీన క్షారము ఉదజనిని పట్టుకొని యున్నంతసేపు మట్టిని అంటియుండి పైరునకు అందును. నేలలో క్షారగుణము హెచ్చినచో ఆ ఉదజనిని పోగొట్టుకొని వాయువై ఎగిరిపోవును. ఆదిలాబాదు ప్రత్తి చేల నల్లరేగడిలో సున్నపు పాలు కలదు. అట్టి నేలపై, అందును చవుడు నేలపై, ఎండలో పైపైన యూరియా చల్లుట ధనమును గాలిలో కలుపుటయే. పదునుగల నేలలో మొక్క ప్రక్కన వేసి మట్టి కప్పవలెను.

మీరు చేయదగిన తీర్మానములు

పంచాయతీ సభ్యులారా, మేము చెప్పినదానిలో ధనముతో కాని పని ఏదియు లేదు. అయినను ఆ ధనము స్వల్పము. మొదట, ఊరిలోని ప్రతి త్రాగునీటి ఆధారము యొక్క పి.హెచ్., ఫ్లోరైడు విలువలను పరీక్ష చేయించి, పంచాయతీ గోడమీద అందరికి కనబడునట్లు వ్రాయించుడు. రెండవది, బ్లీచింగు పొడి కొన్న తేదీ, వేసిన మోతాదు, చివరి కొళాయిలో మిగిలిన క్లోరిను – ఈ మూడింటికి ఒక పుస్తకము పెట్టి, ప్రతి సమావేశమున చదివించుడు. మూడవది, యాసిడ్, బ్లీచింగు పొడి వేరు వేరు గదులలో నుంచి, పారిశుద్ధ్య కార్మికులకు చేతి తొడుగులు, కంటి అద్దములు కొని యిచ్చి, పైన చెప్పిన జాగ్రత్తలను వారికి నోటితో వివరింపుడు.

బలము, బలహీనత యనునవి దూషణ భూషణములు కావు. హైపోక్లోరస్ ఆమ్లము బలహీనమగుటచేతనే మన పిల్లలను కలరానుండి, విరేచనములనుండి కాపాడుచున్నది. ఏ వస్తువు ఎంతవరకు ఇచ్చునో, ఎప్పుడు ఇచ్చునో, ఎవరి చెంత ఇచ్చునో ఎరిగి వాడుకొనుటయే తెలివి. వచ్చు వర్షాకాలము క్రొత్త నీరు రాకముందే మీ ఊరి చివరి కొళాయి నీటిని ఒక్కసారి పరీక్షింపుడని కోరుచున్నాము.